సెల్‌ఫోను కంటిలో ఎన్ని కటకాలు?

ఈ నెల గోడపత్రికలో సైన్సు పాఠం రాసే వంతు 9వ తరగతిది. చీటీలు వేస్తే నా పేరు వచ్చింది. మనందరం రోజూ చూసేదే గానీ లోపల ఏముందో ఎవరం చూడని వస్తువు గురించి రాస్తున్నాను. అదే సెల్‌ఫోను కెమెరా.

ఇది ఎందుకు ఎంచుకున్నాను?

మా ఊరి బడి 5వ తరగతి వరకే. పోయిన ఏడాది మా చెల్లిని 6వ తరగతిలో చేర్చడానికి కాగితాలు ఫోటో తీసి పంపమన్నారు. మా ఊళ్ళో సిగ్నల్ రాదు. మా అయ్య సంత రోజున మిరియాలు అమ్మడానికి కొండ దిగి వెళ్ళి, అక్కడ చిన్నాన్న ఫోనుతో కుల పత్రం, ఆధారు కార్డు ఫోటో తీయించి పంపించాడు. మళ్ళీ వారం సంతకి వెళ్తే, అక్షరాలు కనబడడం లేదు మళ్ళీ పంపండి అని వచ్చి ఉంది. అప్పటికే గడువు దాటిపోయింది. ఆ ఏడాదంతా చెల్లి ఇంటి దగ్గర మేకలు కాసింది.

నేను సెలవులకి వెళ్ళినప్పుడు ఆ ఫోటో చూశాను. పొగమంచు కమ్మినట్టు తెల్లగా ఉంది. మా అయ్య ఫోనుని వెనక్కి తిప్పి, "దీని కన్ను ఆవగింజంత లేదు. మన కాయితం దీనికేటి కనబడతాది?" అన్నాడు. అయ్య చదువుకోలేదు. నేను చదువుతున్నాను, కానీ నాకూ జవాబు తెలీలేదు. సిగ్గేసింది. ఆ ప్రశ్న పట్టుకుని సైన్సు మేడమ్‌ని అడిగీ, పదో తరగతి అక్కల పుస్తకం చదివీ ఈ పాఠం రాశాను.

విప్పి చూస్తే

సంతలో సెల్లు రిపేరు చేసే అన్న, పాడైపోయిన కెమెరా ముక్క ఒకటి నాకిచ్చాడు. అది చిటికెన వేలి గోరంత ఉంది. పిన్నీసుతో మెల్లగా నల్ల గొట్టం విప్పాను. ఒకటి కాదు, రెండు కాదు, అయిదు కటకాలు బయటికొచ్చాయి! పైది అన్నిటికన్నా చిన్నది, అడుగుది పెద్దది. కటకానికీ కటకానికీ మధ్య కాగితం కన్నా పల్చటి నల్ల వలయాలు ఉన్నాయి. అన్నిటికిందా ఒక చిన్న గాజు పలక. మన కంటికి కనబడని పరారుణ కిరణాలను అది ఆపుతుంది. దాని కింద నల్లగా మెరిసే సెన్సర్. బొమ్మ పడేది దాని మీదే.

ఇంకో వింత చూశాను. ఆ కటకాలు పూర్తి గుండ్రంగా లేవు. ఒక పక్క కత్తితో కోసినట్టు చదునుగా ఉంది. అది ఎందుకో తర్వాత చెప్తాను.

భూతద్దం ఒక్క కటకంతోనే పని చేస్తుంది కదా. దీనికి అయిదు ఎందుకు?

ముందు ఒక చిన్న లెక్క

పాత ఫిల్ము కెమెరాలో ఒక్కో ఫోటో 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. వెడల్పు ఉండేది. దానికి ఎక్కువగా 50 మి.మీ. నాభ్యంతరం ఉన్న కటకం వాడేవాళ్ళు. దూరంగా ఉన్న వస్తువు ప్రతిబింబం కటకం వెనక నాభ్యంతరమంత దూరంలో పడుతుందని మనకి తెలుసు. అంటే కెమెరాకి కనీసం అంత లోతు కావాలి. కానీ ఫోను మందమే సుమారు 8 మి.మీ. అందుకని ఫోనులో నాభ్యంతరం 4, 5 మి.మీ. దగ్గర ఉంచుతారు.

ఇప్పుడు 4 మి.మీ. నాభ్యంతరం తీసుకుందాం. 1.5 మీటర్ల పొడవున్న అమ్మాయి 3 మీటర్ల దూరంలో నిలబడింది. ప్రతిబింబం పొడవు ఎంత? 1500 ను 4 తో గుణించి 3000 తో భాగిస్తే 2 మి.మీ. అంటే ఆవగింజంత! ఆ ఆవగింజలోనే ఆమె కళ్ళు, బొట్టు, జడ రిబ్బను అన్నీ విడివిడిగా పడాలి.

సెన్సర్ 4.8 మి.మీ. పొడవు, 3.6 మి.మీ. వెడల్పు ఉందనుకోండి. వైశాల్యం కట్టి చూడండి. పాత ఫిల్ములో యాభయ్యో వంతు. దాని మీద పొడవున 4000, వెడల్పున 3000 గళ్ళు ఉంటే మొత్తం 1 కోటి 20 లక్షల గళ్ళు. దీన్నే 12 మెగాపిక్సెల్ అంటారు. ఒక్కో గడి 4.8 ÷ 4000 = 0.0012 మి.మీ., అంటే 1.2 మైక్రాన్లు. మన తలవెంట్రుక అడ్డం పెడితే దాని వెడల్పులో యాభై గళ్ళ దాకా పడతాయి.

కటకం కాంతిని ఇంత చిన్న గడిలోకి తిన్నగా చేర్చాలి. ఒక్క కటకం వల్ల ఆ పని కాదు. ఎందుకంటే ఒంటరి కటకం మూడు తప్పులు చేస్తుంది.

మొదటి తప్పు: అంచు కిరణాల తొందర

నోటుబుక్కులో ఒక కుంభాకార కటకం గీయండి. మధ్య దగ్గరగా వెళ్ళే కిరణాలు నాభి దగ్గర కలుస్తాయి. అంచు నుంచి వెళ్ళే కిరణాలు ఎక్కువ వంగి, అంతకంటే ముందే కలిసిపోతాయి. చుక్క ఉండాల్సిన చోట మచ్చ వస్తుంది. కటకం ఉపరితలం బంతి లోంచి కోసిన ముక్కలా ఉండడం వల్ల ఈ తప్పు వస్తుంది.

"అంచు కిరణాలే తప్పు చేస్తుంటే అంచులు మూసేస్తే పోతుంది కదా?" అని మేడమ్‌ని అడిగాను. మూస్తే రెండు చిక్కులు. వెలుతురు తగ్గిపోతుంది. పైగా కాంతి అలలాంటిది. చిన్న రంధ్రంలోంచి వెళ్తే విచ్చుకుంటుంది. 2 మి.మీ. రంధ్రం ఉన్నప్పుడే చుక్క వెలుగు సుమారు 2.7 మైక్రాన్ల మచ్చగా పడుతుంది. అది రెండు గళ్ళ కన్నా ఎక్కువ. రంధ్రం ఇంకా తగ్గిస్తే మచ్చ ఇంకా పెరుగుతుంది. అందుకని మూయడం కుదరదు, కటకం ఆకారాన్నే మార్చాలి. బంతి వంపు కాకుండా, మధ్య నుంచి అంచుకి వెళ్ళేకొద్దీ వంపు కొంచెం కొంచెం మారే ఆకారం ఇవ్వాలి.

రెండో తప్పు: రంగులు విడిపోవడం

పట్టకంలో తెల్ల కాంతి ఏడు రంగులుగా విడిపోవడం చూశాం. కటకం అంచు కూడా పట్టకం లాంటిదే. నీలం ఎక్కువ వంగుతుంది, ఎరుపు తక్కువ వంగుతుంది. అందువల్ల బొమ్మ చుట్టూ రంగు గీతలు వస్తాయి.

దీనికి రెండు రకాల ప్లాస్టిక్ వాడతారు. ఒక పదార్థం రంగుల్ని ఎంత తక్కువగా విడగొడుతుందో చెప్పే అంకెని అబ్బే సంఖ్య అంటారు. సంఖ్య పెద్దదైతే రంగులు తక్కువ విడిపోతాయి. సైక్లో ఓలెఫిన్ అనే ప్లాస్టిక్‌కి ఇది సుమారు 56. పాలికార్బనేట్‌కి సుమారు 30. హెల్మెట్ ముందు ఉండే అద్దం ఈ పాలికార్బనేటే.

కుంభాకార కటకం సైక్లో ఓలెఫిన్‌తో చేశారు, దాని బలం 56 పాళ్ళు. దాని పక్కన పుటాకార కటకం పాలికార్బనేట్‌తో పెట్టారు, బలం 30 పాళ్ళు. రంగు చీలిక మొదటిదానికి 56 ÷ 56 = 1. రెండోదానికి 30 ÷ 30 = 1, కానీ అది ఎదురు దిక్కు. రెండూ కొట్టేసుకున్నాయి. మరి బలం? 56 లోంచి 30 పోతే 26 పాళ్ళు మిగిలింది. అంటే రంగుల తప్పు పోయింది, కాంతిని వంచే గుణం మిగిలింది! ఈ ఉపాయం కొత్తది కాదు. రెండు రకాల గాజుతో చేసిన ఇలాంటి జంటకి లండన్‌లో జాన్ డాలండ్ 1758 లోనే పేటెంటు తీసుకున్నాడు.

మూడో తప్పు: బొమ్మ దొప్పలా వంగడం

ఇది మీరే చూడొచ్చు. సైన్సు గదిలో భూతద్దం తీసుకుని, కిటికీకి ఎదురుగా తెల్ల అట్ట పట్టండి. కిటికీ తలకిందులుగా పడుతుంది. మధ్యలో ఊచలు స్పష్టంగా ఉన్నప్పుడు మూలలు మసకగా ఉంటాయి. అట్టని భూతద్దానికి కొంచెం దగ్గరికి జరపండి. ఇప్పుడు మూలలు బాగుపడతాయి, మధ్య మసకబారుతుంది. అంటే బొమ్మ చదునుగా పడడం లేదు, అడ్డాకు దొప్పలాగా వంగి పడుతోంది. సెన్సర్ మాత్రం పలకలా చదును. వియన్నాలో జోసెఫ్ పెట్జ్‌వాల్ అనే గణిత శాస్త్రజ్ఞుడు ఈ వంపు లెక్క తేల్చాడు. 1840లో మనుషుల ఫోటోల కోసం మంచి కటకాల వరస తయారు చేసింది కూడా ఆయనే.

ఫోనులో ఈ తప్పుని ఎక్కువగా సరిచేసేది అడుగు కటకం. దాన్ని పక్క నుంచి చూస్తే మధ్యలో గుంట, అటూ ఇటూ గద్ద రెక్కలు చాచినట్టు వంపు. నాకు ముందు అది వేడికి వంకరపోయిందేమో అనిపించింది. కాదు, కావాలనే అలా చేస్తారు. సెన్సర్ దగ్గరికి వచ్చేసరికి బొమ్మ మధ్యకి వెళ్ళే కిరణాలు, మూలలకి వెళ్ళే కిరణాలు వేరువేరు దారుల్లో ఉంటాయి. అందుకని ఒక్కో చోట ఒక్కో వంపు పెట్టి, ఎవరి దారి వాళ్ళకి సరిచేయవచ్చు. ముందున్న కటకంలో అలా కుదరదు. అక్కడ అన్ని కిరణాలూ ఒకే చోట కలిసి వెళ్తాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మా అయ్య ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది.

గాజు ఉండగా ప్లాస్టిక్ ఎందుకు?

గాజు కటకాన్ని పాత పద్ధతిలో అరగదీసి చేస్తారు. రెండు వస్తువుల్ని అన్ని దిక్కులకీ తిప్పుతూ ఒకదానితో ఒకటి రుద్దితే అవి బంతి వంపులోకే వస్తాయి. గద్ద రెక్కల వంపు అలా రాదు. ప్లాస్టిక్ అయితే అచ్చు ఒక్కసారి సరిగ్గా చేసుకుంటే చాలు, ఎన్నైనా పోయొచ్చు.

అచ్చు చెక్కడానికి వజ్రపు మొన వాడతారు. ప్లాస్టిక్ గింజల్ని కరిగించి, ఒత్తిడితో అచ్చులోకి ఎక్కిస్తారు. ప్లాస్టిక్ చల్లారితే కుంచించుకుపోతుంది. అది ఎంత తగ్గుతుందో ముందే లెక్కగట్టి అచ్చుని ఆ తేడాతో చెక్కుతారు. ఒక్కసారి పోస్తే రెమ్మకి చింతకాయల్లా చాలా కటకాలు అంటుకుని వస్తాయి. వాటిని రెమ్మ నుంచి కోస్తారు. ఇందాక చెప్పిన చదును అంచు అదే! ప్లాస్టిక్ లోపలికి వచ్చిన దారిని కోసిన గుర్తు.

ప్లాస్టిక్‌కి లోపాలూ ఉన్నాయి. వేడికి గాజు కన్నా దాదాపు పది రెట్లు వ్యాకోచిస్తుంది. తొందరగా గీతలు పడుతుంది. అందుకే ఫోను బయట మనం ముట్టుకునేది కటకం కాదు, దాని మీద కప్పిన గాజు పలక. ఇంకొకటి, ప్రతి ఉపరితలం దగ్గరా నూటికి 4 వంతుల కాంతి వెనక్కి తిరిగిపోతుంది. 7 కటకాలుంటే 14 ఉపరితలాలు. 0.96 ని 14 సార్లు గుణిస్తే సుమారు 0.56. నూరు పాళ్ళ వెలుగులో 56 పాళ్ళే లోపలికి చేరుతుంది! మిగతాది లోపల్లోపల తిరిగి బొమ్మని తెల్లగా చేస్తుంది. అందుకే కటకాల మీద ప్రతిఫలనం తగ్గించే పల్చటి పూత వేస్తారు. నల్ల వలయాలు పెట్టేది కూడా దారి తప్పిన వెలుగుని మింగడానికే.

దగ్గరి వస్తువు తీయాలంటే కటకాలు కదలాలి. వస్తువు 100 మి.మీ. దూరంలో ఉంటే, నాలుగో వంతులోంచి నూరో వంతు తీసేయండి, 24/100. తిరగేస్తే 4.17 మి.మీ. అంటే 0.17 మి.మీ. ముందుకి జరిగితే చాలు. అయస్కాంతం పక్కన చిన్న తీగచుట్టలో కరెంటు పంపి ఈ జరుపుడు చేస్తారు. స్పీకరు పనిచేసే సూత్రమే ఇది.

ఈ వంపులు ఎవరు లెక్కగడతారు?

14 ఉపరితలాలు, ఒక్కోదాని వంపు చెప్పడానికి 8 అంకెలు అనుకున్నా 112 అంకెలు. మందాలు, దూరాలు వేరే. ఇంజనీరు ముందు ఒక ఊహ చెప్తాడు. కంప్యూటరు అందులోంచి వేల కిరణాలు పంపినట్టు లెక్క వేసి, తప్పులన్నీ కూడి ఒక మొత్తం చెప్తుంది. తర్వాత అంకెలు కొంచెం కొంచెం మారుస్తూ ఆ మొత్తం తగ్గిస్తూ పోతుంది.

దీన్ని మేడమ్ ఇలా చెప్పారు. లంబసింగిలో చలికాలం పొద్దున్నే దట్టమైన మంచులో కొండ దిగుతున్నారనుకోండి. దారి కనబడదు. కాలికి పల్లంగా తగిలిన వైపే అడుగు వేస్తారు. ఒకచోట అన్ని వైపులా ఎత్తే తగులుతుంది. ఊరొచ్చేసిందనుకుంటారు. తీరా చూస్తే అది కొండ మధ్యలో చిన్న గుంట! కంప్యూటరూ అలాగే గుంటలో ఆగిపోతుంది. అప్పుడు మనిషి దాన్ని ఇంకో చోట నుంచి మళ్ళీ నడిపించాలి. ఏ చోట నుంచి అన్నదే ఇంజనీరు తెలివి.

అక్కడితో అయిపోదు. అచ్చులో, బిగించడంలో కొన్ని మైక్రాన్ల తేడా వస్తూనే ఉంటుంది. ఆ తేడా వస్తే బొమ్మ ఎంత చెడుతుందో కూడా ముందే లెక్క చూస్తారు. కాగితం మీద అన్నిటికన్నా బాగున్న కటకం కాదు, చిన్న తప్పు జరిగినా తట్టుకునే కటకమే ఫోనులోకి వస్తుంది.

కొంచెం చరిత్ర

1997 జూన్ 11న అమెరికాలో ఫిలిప్ కాన్ అనే ఆయన, ఆసుపత్రిలో అప్పుడే పుట్టిన తన కూతురి ఫోటోని సెల్‌ఫోను ద్వారా పంపాడు. ఫోనుకి కెమెరాని తనే కలిపాడు. 2000 నవంబరులో జపాన్‌లో షార్ప్ కంపెనీ కెమెరా ఫోను అమ్మింది. దానికి 1 లక్షా 10 వేల గళ్ళు మాత్రమే. 2012లో వచ్చిన ఐఫోన్ 5 లో 5 కటకాలు, 2020 నాటి ఐఫోన్ 12 ముఖ్య కెమెరాలో 7 కటకాలు ఉన్నాయి. తైవాన్‌లో తైచుంగ్ నగరంలోని లార్గాన్ కంపెనీ ఇలాంటి ప్లాస్టిక్ కటకాలకి పేరుపొందింది.

మా అయ్య ప్రశ్నకి జవాబు

ఇప్పుడు భూతద్దం మళ్ళీ తీసుకోండి. దాన్ని సగం అట్టతో మూయండి. గోడ మీద కిటికీ బొమ్మ సగం పోతుందా? పోదు! మొత్తం బొమ్మ ఉంటుంది, వెలుగు మాత్రం తగ్గుతుంది. ఎందుకంటే కిటికీలో ప్రతి చుక్క నుంచీ వచ్చే వెలుగు కటకం అంతటి మీదా పడుతుంది.

మా చిన్నాన్న సంతలో జంతికలు వండి అమ్ముతాడు. ఫోను పట్టుకుంటే వేలికున్న నూనె కెమెరా మీద అంటుకుంది. రంధ్రం 2 మి.మీ., వేలు దానికి అయిదారు రెట్లు. ఒక్కసారి తగిలితే మొత్తం కప్పేస్తుంది. ఆ మరక ఫోటోలో మరకలా కనబడదు. అది అన్ని కిరణాలూ కలిసి వెళ్ళే చోటు కాబట్టి, తెల్ల కాగితం నుంచి వచ్చిన వెలుగుని చెదరగొట్టి నల్ల అక్షరాల మీద కూడా పోస్తుంది. అందుకే పొగమంచులా వచ్చింది.

కాబట్టి అయ్యా, దాని కన్ను చిన్నదైనందుకు కాదు. ఆ చిన్న కంటికి మన కాగితంలో ప్రతి అక్షరం చూసే శక్తి ఉంది. ఎన్నో వేల లెక్కలు వేసి దానికి ఆ శక్తి ఇచ్చారు. దాని మీద మసక తుడవాలని మనకి ఎవరూ చెప్పలేదు, అంతే.

ఈ ఏడాది వేసవిలో నేనే చున్నీ అంచుతో ఆ గాజు తుడిచి, కాగితాలు ఫోటో తీసి పంపాను. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. మా చెల్లి ఇప్పుడు 6వ తరగతిలో మన హాస్టల్లోనే ఉంది. మేకలు కాసిన ఆ ఏడాది మాత్రం తిరిగి రాదు.

కాగితాలు ఫోటో తీసేటప్పుడు

1. కెమెరా గాజుని పొడిగా ఉన్న మెత్తటి నూలు గుడ్డతో తుడవాలి. ఇసుక, దుమ్ము ఉంటే ముందు ఊదాలి.
2. కాగితం కిటికీ వెలుతురులో పెట్టాలి. మన నీడ పడకూడదు. ఎండ లోపలికి తిన్నగా కొట్టకూడదు.
3. కెమెరా కదిలి బొమ్మ కుదురుకునే దాకా ఒక్క క్షణం ఆగాలి.
4. పంపేముందు పెద్దది చేసి, అన్నిటికన్నా చిన్న అక్షరం చదవగలమో లేదో చూడాలి.

వార్డెన్ మేడమ్ గారికి ఒక విన్నపం. స్కాలర్‌షిప్పు కాగితాలు ఫోటో తీసే బల్ల దగ్గర ఒక చిన్న గుడ్డ ఉంచితే బాగుంటుంది. తుడిచే పని మా తరగతి చూసుకుంటుంది.

ఇప్పుడు చెప్పండి

1. 6 మీటర్ల దూరంలో ఉన్న 3 మీటర్ల కొట్టం, 4 మి.మీ. నాభ్యంతరం ఉన్న కెమెరాలో ఎంత పొడవుగా పడుతుంది?
2. రెండు కటకాలూ ఒకే ప్లాస్టిక్‌తో చేస్తే రంగుల తప్పు పోయేలోపు బలం ఎంత మిగులుతుంది?
3. గద్ద రెక్కల కటకాన్ని అన్నిటికన్నా ముందు పెడితే ఎందుకు పని చేయదు?

జవాబులు రాసి పత్రిక కింద ఉన్న డబ్బాలో వేయండి. వచ్చే నెల సరైన జవాబులు రాస్తాను. కెమెరా ముక్క చూడాలనుకున్నవాళ్ళు సాయంత్రం స్టడీ అవర్ తర్వాత రండి. అగ్గిపెట్టెలో దాచాను. రాసినదాంట్లో తప్పులుంటే దిద్దండి.

9వ తరగతి విద్యార్థిని